హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు వస్తువులు: సేకరించడం, భద్రపరచడం, వాటి పేరుమీద పాత ఆటగాళ్లకు సాయం చేయడం

రోవర్స్_ఐదు (చర్చ మొదలుపెట్టినవారు)

1950 నుంచి 1954 దాకా బొంబాయి ఫుట్‌బాల్ టోర్నీ రోవర్స్ కప్‌ను వరసగా ఐదేళ్లు ఎత్తిన జట్టు హైదరాబాద్ సిటీ పోలీస్. డ్యూరాండ్ కప్ 1950లో, 1954లో, 1957లో గెలిచింది. 1961లో ఆంధ్రా పోలీస్ పేరుతో మళ్లీ గెలిచింది. 1950 నుంచి 1963 జూన్‌లో చనిపోయేదాకా ఆ జట్టుకు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో దేశానికి బంగారు పతకాలు వచ్చినా, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చినా శిక్షణ ఆయనదే.

ఆ జట్టు తాలూకు జెర్సీలు, పతకాలు, గ్రూప్ ఫోటోలు, మ్యాచ్ కార్యక్రమ పత్రాలు చాలావరకు ఆటగాళ్ల ఇళ్లలో, ట్రంకుపెట్టెల్లో ఉన్నాయి. వాటిని ఒకచోట చేర్చి, వాటి పేరుమీద వచ్చే డబ్బును పాత ఆటగాళ్ల వైద్యానికి, బస్తీ పిల్లల బూట్లకు వాడాలన్నది ఆలోచన. మూడు సంగతులు తేలాలి. వస్తువు అసలుదో కాదో ఎలా చెప్పాలి? మన వానల్లో, ఎండల్లో ఎలా దాచాలి? వేలం, చందా చట్టప్రకారం ఎలా నడపాలి? పని తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

పాతకాగితం

అన్నిటికన్నా ముందు చేయాల్సింది రిజిస్టర్. వస్తువు చేతికి వచ్చిన రోజే రాయాలి: ఎవరిచ్చారు, వాళ్లకు ఎలా వచ్చింది, దాని గురించి వాళ్లు చెప్పిన మాటలు (మనం సరిదిద్దకుండా, ఉన్నదున్నట్టు), కొలతలు, ఎక్కడెక్కడ చిరిగింది, ఏ తేదీన వచ్చింది. ఆ నాలుగు లైన్లు లేని జెర్సీ పాత గుడ్డ కిందే లెక్క. తర్వాత ఎంత డబ్బు పెట్టినా ఆ సమాచారం దొరకదు.

నంబరు పద్ధతి తేలికగా ఉండాలి. 2025.3.7 అంటే 2025లో, మూడో దాత ఇచ్చిన, ఏడో వస్తువు. కాగితం, ఫోటో మీద వెనకవైపు అంచున 2బీ పెన్సిల్‌తో నెమ్మదిగా రాయాలి. బాల్‌పెన్ వద్దు, ఒత్తిడికి ముందువైపు గీత తేలుతుంది. బట్టకు నంబరు రాసిన చిన్న నూలు టేపును రెండు కుట్లతో కుట్టాలి. పతకానికి నూలుదారంతో చీటీ కట్టాలి. స్టిక్కర్, సెల్లోటేప్ దేనికీ వాడొద్దు. సెల్లోటేప్ జిగురు కొన్నేళ్లకు పసుపురంగుకు తిరిగి కాగితంలోకి ఇంకుతుంది, ఆ మరక ఇక పోదు.

ఇంకొకటి. ఇచ్చేవాళ్లు దానం చేస్తున్నారా, చూపించడానికి కొన్నాళ్లు అప్పుగా ఇస్తున్నారా అన్నది అదే రోజు కాగితం మీదికి రావాలి. ఆటగాడు కాలం చేసి ఉంటే వారసులందరి సంతకాలూ తీసుకోండి. పెద్దకొడుకు ఇచ్చాడని తెచ్చేస్తే రెండేళ్లకు చెల్లెలు వచ్చి అడుగుతుంది, ఆమె అడగడంలో న్యాయం ఉంది. ఇది చరాస్తి కాబట్టి వస్తువు అప్పగిస్తే దానం చెల్లుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరేం కాదు. కానీ సంతకాల కాగితం లేకుండా తీసుకోవద్దు.

కూపరేజ్_గ్యాలరీ

కార్యక్రమ పత్రాలు, టికెట్ల కాలం తేల్చే గుర్తులు కొన్ని.

జట్టు పేరు చూడండి. 1950ల కాగితమైతే హైదరాబాద్ సిటీ పోలీస్ అని ఉండాలి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది 1956 నవంబరు 1న. పేరు ఆ రోజే మారిపోలేదు, 1957 డ్యూరాండ్ కూడా పాత పేరుతోనే గెలిచారు. కాబట్టి 1952 రోవర్స్ ఫైనల్ అని చెప్పే పత్రం మీద ఆంధ్రా పోలీస్ అని కనిపిస్తే దాన్ని పక్కన పెట్టండి.

ధర చూడండి. నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. అంతకుముందు అణాలే. 1964 జూన్ నుంచి 'నయా' అన్న మాట పోయింది. హైదరాబాద్‌లో 1950ల తొలినాళ్లలో హాలీ సిక్కా (నిజాం కాలపు రూపాయి) కూడా చెలామణిలో ఉంది, స్థానిక మ్యాచ్ టికెట్ మీద ఆ లెక్కలో ధర కనిపిస్తే కంగారుపడొద్దు. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే అది 1972 ఆగస్టు 15 తర్వాత అచ్చయినదే.

పదింతలు పెద్దది చేసి చూపే భూతద్దంతో ఫోటో అచ్చును చూడండి. పాత లెటర్‌ప్రెస్ బ్లాకుతో వేసినదైతే చుక్కలు వరసగా ఉంటాయి, అక్షరాల అంచుల్లో సిరా కాస్త గట్టుకట్టి ఉంటుంది, కాగితం వెనక వేలితో తడిమితే ఒత్తిడి తెలుస్తుంది. ఇంక్‌జెట్ కాపీలో రంగుచుక్కలు చెల్లాచెదురుగా పడతాయి. నోట్లు చూసే నీలికాంతి దీపం కింద కాగితం తెల్లగా, నీలంగా మెరిస్తే అందులో తెల్లదనం పెంచే రసాయనం ఉన్నట్టు. అది మామూలైంది 1950ల నుంచి. 1940ల పత్రమని చెప్పేది అలా మెరిస్తే అనుమానించాల్సిందే. మెరవకపోతే మాత్రం అసలుదని రుజువైనట్టు కాదు, పాత ఖాళీ కాగితం మీద కొత్తగా అచ్చు వేసేవాళ్లున్నారు.

జెర్సీ వీపున ఆటగాడి పేరు అచ్చయి ఉంటే అది 1950లది కాదు. మెడ వెనక ఉతికే విధానం బొమ్మలున్న లేబుల్ ఉన్నా అంతే. నూలుదో పాలియెస్టరో తేల్చుకోవడానికి దారం లాగి కాల్చే పద్ధతి ఒకటి బట్టల దుకాణాల్లో ఉంది. దయచేసి ఇక్కడ అది చేయొద్దు.

అమ్ముగూడ_బ్యాక్

కూపరేజ్ గారూ, చాలా ఉపయోగం. డ్యూరాండ్ ట్రోఫీయే మా ఇంట్లో ఉంది అని చెప్పేవాళ్ల సంగతేమిటి?

కూపరేజ్_గ్యాలరీ

ఇప్పుడు డ్యూరాండ్ గెలిచిన జట్టుకు మూడు ట్రోఫీలు ఇస్తారు. డ్యూరాండ్ కప్పు, సిమ్లా ట్రోఫీ తిరుగుతూ ఉంటాయి, వాటిని వెనక్కి ఇచ్చేయాలి. గెలిచిన జట్టు శాశ్వతంగా ఉంచుకునేది ప్రెసిడెంట్స్ కప్పు. ఇళ్లలో ఉండేవి ఆటగాళ్లకు విడిగా ఇచ్చిన చిన్న నమూనాలు, పతకాలు. అబద్ధం అనొద్దు వాళ్లను, పెద్దలు చెప్పిన మాటే వాళ్లూ చెబుతున్నారు. రిజిస్టర్లో 'నమూనా, కుటుంబం చెప్పినదాని ప్రకారం ఫలానా ఏడాది' అని రాయండి.

అమ్ముగూడ_బ్యాక్

సరే సార్. జెర్సీకి మట్టిమరకలు, చెమట మరకలు ఉంటే ఉతకొచ్చా? చల్లనీళ్లతో అయినా?

కోరాబట్ట

వద్దు అన్నా. మూడు కారణాలు. డెబ్బై ఏళ్ల నూలుపోగు తడిస్తే నీటి బరువుకే తెగుతుంది, ముఖ్యంగా చంకల దగ్గర, చెమట ఆమ్లం పోగును ముందే తినేసి ఉంటుంది కాబట్టి. రెండోది, పాత రంగులు కదిలి పక్క చారలోకి పాకుతాయి. మూడోది, ఆ మట్టీ చెమటా ఆ జెర్సీ నిజంగా ఆడినదే అనడానికి సాక్ష్యం. ఉతికితే సాక్ష్యం పోతుంది.

దుమ్ము మాత్రం తీయాలి. జెర్సీ మీద దోమతెర లాంటి నైలాన్ జాలీ పరిచి, వాక్యూమ్ క్లీనర్‌ను తక్కువ వేగంలో పెట్టి, గొట్టాన్ని జాలీకి కాస్త ఎత్తులో కదపాలి. బట్టకు తగలనివ్వొద్దు.

పురుగు అనుమానం ఉంటే మందు కొట్టొద్దు, ఫ్రీజర్లో పెట్టండి. జెర్సీని కోరాబట్టలో చుట్టి, పాలిథిన్ సంచిలో పెట్టి, గాలి తీసేసి మూతి టేపు వేయాలి. దానిమీద ఇంకో సంచి. ఇంటి డీప్ ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీలకు వెళ్తుంది, అందులో రెండు వారాలు. బయటికి తీశాక ఇరవైనాలుగు గంటలు సంచి విప్పకూడదు. చల్లటి బట్టను వెంటనే గాలికి పెడితే దానిమీద తేమ పట్టి బూజు వస్తుంది. ఎక్కువమంది చెడగొట్టేది ఇక్కడే. గాజు చట్రం ఫోటోలు, గాజు నెగటివ్‌లు, లోహపు పతకాలు ఫ్రీజర్లో పెట్టొద్దు.

కలరా ఉండలు వేయడం మన ఇళ్లలో అలవాటు. వాటి ఆవిరి ప్లాస్టిక్ గుండీలను, ఫోటో కవర్లను మెత్తబరుస్తుంది, వాసన ఏళ్లు వదలదు, మూసిన గదిలో పనిచేసేవాళ్ల ఆరోగ్యానికీ మంచిది కాదు. ఎండు వేపాకు నేరుగా బట్ట మీద వేస్తే పసుపు మరక పడుతుంది.

చుట్టడానికి కోరాబట్ట చాలు. కొన్నాక డిటర్జెంట్ లేకుండా వేడినీళ్లలో రెండుసార్లు ఉడికించి గంజి పోగొట్టాలి. గంజి మిగిలితే వెండిపురుగులకు విందే. జెర్సీని హ్యాంగర్‌కు తగిలించొద్దు, భుజాలు సాగిపోతాయి. అట్టపెట్టెలో పడుకోబెట్టి, మడత వచ్చే ప్రతిచోటా ఆమ్లం లేని టిష్యూ కాగితాన్ని ఉండచుట్టి లోపల పెట్టాలి. ఆరు నెలలకోసారి మడత చోటు మార్చాలి.

లేసు_బంతి

తోలు, లోహం గురించి క్లుప్తంగా. లేసు ఉన్న పాత తోలుబంతికి గాలి కొట్టొద్దు. లోపలి రబ్బరు తిత్తి గట్టిపడి ఉంటుంది, కుట్లు విడిపోతాయి. గుండ్రటి మెత్తటి చుట్టకుదురు చేసి దానిమీద కూర్చోబెట్టండి. కొబ్బరినూనె, బూట్ పాలిష్ రాయొద్దు. తోలు నల్లబడుతుంది, జిడ్డుకు దుమ్ము అంటుకుంటుంది, బూజూ పడుతుంది. ముట్టుకుంటే ఎర్రటి పొడి రాలుతోందంటే తోలు లోపల చివికిందని అర్థం. దాన్ని రుద్దకుండా విడిగా చుట్టి నిపుణులకు చూపించాలి. పాత బూట్ల అడుగున తోలు స్టడ్‌లను ఇనప మేకులతో కొట్టేవాళ్లు, ఆ మేకులకు తుప్పు పడుతుంది. పెట్టెలో తేమ పీల్చే సిలికాజెల్ సంచులు వేయండి, రంగు మారగానే వేడిచేసి మళ్లీ వాడొచ్చు.

వెండి పతకం నల్లబడితే పాలిష్ వేయాలనిపిస్తుంది. వేసిన ప్రతిసారీ కొంత వెండి పోతుంది, చెక్కిన పేరు అరుగుతుంది. నలుపు ఉండనివ్వండి. ఉన్నిబట్ట, రబ్బరుబ్యాండు, పాత న్యూస్‌పేపరు పక్కన ఉంచకపోతే అది త్వరగా పెరగదు. పట్టుకునేటప్పుడు నైట్రైల్ గ్లౌజులు వేసుకోవాలి.

తారాగణం_వెనకవరస

ఫోటోల వంతు. చట్రంలో అద్దానికి అతుక్కుపోయిన ఫోటోను పీకొద్దు. అద్దంతోనే స్కాన్ చేయండి. జిగురు పేజీల ఆల్బమ్‌లలో (1970ల, 80ల ఇళ్లలో మామూలు) ఫోటోలు ఇరుక్కుంటే పళ్లమధ్య వాడే దారాన్ని వెనకనుంచి రంపంలా నడిపితే విడుతుంది. తొందరపడితే మూల చిరుగుతుంది. పాత గ్రూప్ ఫోటోలకు లామినేషన్ చేయించడం మహాపాపం. వేడికి అతికిన పొర ఇక రాదు, లోపల తేమ ఉంటే ఫోటో కుళ్లుతుంది.

దాచేది పాలియెస్టర్ కవర్లలో. పీవీసీ కవర్లను వాసన బట్టి పట్టేయొచ్చు, కొత్త రెయిన్‌కోటు వాసన వస్తుంది. ఫిల్మ్ నెగటివ్ పెట్టె తెరిస్తే వెనిగర్ ఘాటు కొడితే ఆ ఫిల్మ్ కుళ్లడం మొదలైందన్నమాట. దాన్ని వెంటనే మిగతావాటినుంచి వేరుచేసి ముందు దాన్నే స్కాన్ చేయాలి.

స్కాన్ 600 డీపీఐ (అంగుళానికి అన్ని చుక్కలు), టిఫ్ ఫార్మాట్ (నాణ్యత తగ్గని ఫైలు). వెనకవైపు కూడా తప్పకుండా. స్టూడియో ముద్ర, ఉర్దూలో రాసిన పేర్లు వెనకే ఉంటాయి. ఫోన్‌తో తీసింది భద్రపరిచే ప్రతికి పనికిరాదు, అంచులు వంగుతాయి, మెరుపు పడుతుంది. కాపీలు మూడు, రెండు వేర్వేరు రకాల డిస్కుల్లో, ఒకటి వేరే ఊళ్లో.

గ్రూప్ ఫోటోలో పేర్లు రాసేటప్పుడు వరస, స్థానం రాయండి: వెనకవరస, ఎడమనుంచి మూడు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ లాంటి పేర్లను పత్రికలు నాలుగైదు రకాలుగా రాశాయి. వస్తువు మీద ఉన్న వర్ణక్రమం ఒక గడిలో, మనం స్థిరపరచుకున్న రూపం ఇంకో గడిలో వేస్తే వెతికేవాళ్లకు దొరుకుతుంది. ఎవరో తెలియని మొహం దగ్గర 'తెలియదు' అనే రాయాలి. ఊహించి రాసిన పేరు పదేళ్లకు చరిత్ర అయిపోతుంది.

ముద్రణ_మల్లేశం

600 భద్రపరచడానికి సరే గానీ, వేలానికి ఏ3 ప్రింట్లు వేయాలనుకుంటే చాలదు భయ్యా. 15 సెంటీమీటర్ల ఫోటోను 42 సెంటీమీటర్లకు పెంచాలంటే 2.8 రెట్లు. అచ్చులో 300 డీపీఐ నిలవాలంటే స్కాన్ కనీసం 840 ఉండాలి. 1200 పెట్టేయండి. రెండోసారి పెట్టె తెరిచే పని తప్పుతుంది. ప్రింటు నూలు కాగితం మీద పిగ్మెంట్ సిరాతో వేయించండి, డై సిరా మన ఎండకు రెండేళ్లలో వెలిసిపోతుంది. యాభై ప్రతులు అని ప్రకటిస్తే యాభైకే ఆపాలి, ప్రతిదానిపైనా పెన్సిల్‌తో 1/50, 2/50 అని రాయాలి.

హక్కుల సంగతి: 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటోకు ప్రచురించిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు అన్న లెక్కను 2012 సవరణలో తీసేశారు, ఇప్పుడు తీసినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. కాబట్టి పాత పత్రికల్లో వచ్చిందన్నంత మాత్రాన గడువు తీరిపోయిందనుకోవద్దు, న్యాయవాదిని అడగండి. ఇంట్లో తీసుకున్న, ఎక్కడా అచ్చుకాని ఫోటోకైతే కుటుంబం రాతపూర్వక అనుమతి కావాలి.

జమాఖర్చు

డబ్బు విషయం. వ్యక్తి పేరుమీద ఉన్న బ్యాంకు ఖాతాలోకి, ఫోన్ నంబరు మీదికి చందాలు తీసుకోవద్దు. పబ్లిక్ చారిటబుల్ ట్రస్టు పత్రం రాసి సబ్‌రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయించి, పాన్ తీసుకుని, ట్రస్టు పేరుతో ఖాతా తెరవాలి. ట్రస్టు పత్రంలో రెండు ఉద్దేశాలూ, అంటే క్రీడావారసత్వ పరిరక్షణ, ఆటగాళ్లకు వైద్యసాయం, స్పష్టంగా ఉండాలి. ఒకటే రాసి రెండోదానికి ఖర్చుపెడితే ఆదాయపన్ను వాళ్లు అడుగుతారు.

1961 చట్టంలో పద్ధతి ఇలా నడిచింది: ఫారం 10ఏతో 12ఏబీ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతకు పన్ను రాయితీ) కింద మూడేళ్ల తాత్కాలిక నమోదు, ఏటా మే 31 లోపు దాతల వివరాలు 10బీడీలో, దాతకు 10బీఈ పత్రం. 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించే కొత్త ఆదాయపన్ను చట్టంలో సెక్షన్ల, ఫారాల నంబర్లు వేరు కాబట్టి దాఖలు చేసేముందు సీఏను అడగండి. రెండువేలు దాటిన నగదు చందాకు 80జీ రాయితీ లేదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న దాతకు అసలే రాదు, ఆ సంగతి రసీదు ఇచ్చేటప్పుడే చెప్పాలి.

వేలంలో పదివేలు పెట్టి ప్రింటు కొన్నవాళ్లకు పదివేలకు చందా రసీదు ఇవ్వొద్దు. వస్తువు పుచ్చుకున్నారు కాబట్టి అది కొనుగోలు. చందా ఖాతా, అమ్మకం ఖాతా వేరు. టికెట్లు అమ్మి లక్కీ డ్రా పెట్టే ఆలోచన మానుకోండి, ప్రభుత్వ అనుమతి లేని లాటరీ నేరం.

సాయం డబ్బు ఆటగాడి చేతికి కాకుండా ఆసుపత్రి బిల్లుకు, మందుల షాపుకు నేరుగా కడితే మంచిది. ఆధారం ఉంటుంది, ఇంట్లో గొడవలూ ఉండవు. పిల్లల బూట్లైతే పాదం కొలతలు ముందే తీసుకుని సైజువారీగా కొనండి. అందాజాగా కొంటే సగం పెట్టెల్లోనే మిగులుతాయి.

డల్లాస్_డిఫెండర్

మా వైపునుంచి చాలామంది ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. నేరుగా ట్రస్టు ఖాతాకు పంపొచ్చా?

జమాఖర్చు

పాస్‌పోర్టు బట్టి ఉంటుందండీ. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసులు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీయులే. వాళ్ల డబ్బు తీసుకోవాలంటే ట్రస్టుకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) నమోదు, ఢిల్లీ ప్రధాన స్టేట్ బ్యాంకు శాఖలో ప్రత్యేక ఖాతా ఉండాలి. కొత్త ట్రస్టుకు ఆ నమోదు మామూలుగా రాదు, మూడేళ్ల పని చూపాలి. అందుకని చందా తీసుకునే ఫారంలోనే పౌరసత్వం గడి పెట్టండి. అక్కడున్నవాళ్లు స్కాన్‌ల జాబితా కట్టడం, ఉర్దూ రాతలు చదివి పెట్టడం లాంటి పనులు చేస్తే డబ్బంత విలువ.

మైదానం_మనోహర్

ఒక మాట సూటిగా అడుగుతున్నా. పెద్దాయన ఆసుపత్రిలో ఉంటే, ఆయన పతకం పెట్టెలో ఉంటే ఎవరికి లాభం? ప్రింట్లు అమ్మితే వచ్చేదెంత? అసలు పతకమే వేలంలో పెడితే పెద్ద మొత్తం వస్తుంది కదా.

పాతకాగితం

మనోహర్ గారూ, పతకం ఆ కుటుంబానిదైతే అమ్ముకునే హక్కు వాళ్లదే, తప్పుపట్టే అర్హత మనకెవరికీ లేదు. కానీ ట్రస్టుకు దానంగా వచ్చినదాన్ని ట్రస్టు అమ్మడం వేరు. ఒక్కసారి అమ్మిందని తెలిస్తే తర్వాతి కుటుంబం పెట్టె తెరవదు. కాబట్టి మొదటి రోజునుంచే రెండు జాబితాలు పెట్టాలి. ఒకటి ఎప్పటికీ అమ్మనివి. రెండోది అమ్మడానికనే వచ్చినవి: ప్రింట్లు, రెండో ప్రతులు, 'వేలానికి' అని దాత సంతకంతో ఇచ్చినవి. మొదటి జాబితాలోంచి రెండోదానికి ఏదీ మారకూడదని ట్రస్టు పత్రంలోనే రాయించండి.

కుటుంబమే అమ్మదలిస్తే మనం చేయగలిగింది ఉంది. అమ్మకముందు రెండువైపులా ఫోటో, బరువు, చెక్కిన అక్షరాల నకలు తీసుకోవాలి. కొనేవారిచేత తిరిగి అమ్మేటప్పుడు ముందు ట్రస్టుకు చెబుతామని, ప్రదర్శనకు అడిగితే ఇస్తామని రాయించుకోవాలి. వెండి బరువుకు కంసాలికి పోకుండా ఆపితే అదే పెద్ద మేలు.

మైదానం_మనోహర్

రెండు జాబితాల పద్ధతికి ఒప్పుకుంటా. అయితే వైద్యనిధి మాత్రం వేలం కోసం ఎదురుచూడకూడదు, నెలనెలా చందాతో విడిగా నడవాలి. జ్వరం వచ్చిన మనిషి వేలం తేదీదాకా ఆగడు.

జమాఖర్చు

సరైన మాట. నెలవారీ చందా బ్యాంకు ఆటో డెబిట్‌తో పెట్టండి, చిన్న మొత్తాలైనా స్థిరంగా వస్తాయి.

గచ్చిబౌలి_తూర్పుస్టాండు

వేలానికి కొత్త కాలం జెర్సీలు ఉన్నాయి కదా. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవా ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో 3-1తో ఓడించి ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. 2025లో క్లబ్బు ఢిల్లీకి పోయి పేరే మారిపోయింది. ఇప్పుడు ఆ పసుపు జెర్సీలు కూడా వారసత్వమే, పోగేయకపోతే అవీ పోతాయి.

వీటిని దాచే తీరు నూలు జెర్సీకన్నా వేరు. పాలియెస్టర్‌కు పురుగు భయం తక్కువ, వేడి భయం ఎక్కువ. వీపు నంబరు, పేరు వేడిప్రెస్‌తో అతికించినవి, అటకమీద ఎండాకాలం ఉంచితే జిగురు కారి మడతలో రెండువైపులా అంటుకుంటాయి. నంబరు మీద సిలికాన్ పూత ఉన్న బేకింగ్ కాగితం పరిచి, నంబరు మధ్య మడత రాకుండా చుట్టాలి. సంతకాలున్న జెర్సీని కిటికీ ఎదురుగా చట్రం కట్టిస్తే మార్కర్ సిరా ముందు ఊదారంగుకు, తర్వాత ఏమీ లేకుండా పోతుంది.

రోవర్స్_ఐదు

అందరికీ కృతజ్ఞతలు. చివరిగా ఒకటి: సొంత గది దొరికేదాకా ఎక్కడ పెట్టాలి? ట్రస్టు మూతపడితే ఏం చేయాలి?

పాతకాగితం

గది విషయంలో పై అంతస్తు వద్దు, నేలమాళిగ వద్దు. మధ్య అంతస్తులో, బయటిగోడకు ఆనకుండా జానెడు దూరంలో స్టీలు బీరువా. బీరువా కింది అర నేలకు ఆరంగుళాల ఎత్తున ఉండాలి. టేకు పెట్టెలు గంభీరంగా ఉంటాయి గానీ కలప ఆవిరి వెండికీ కాగితానికీ చేటు. లోపల తేమ కొలిచే చిన్న మీటరు పెట్టి వారానికోసారి రాయండి. 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే హాయి, 65 దాటి నిలిచిందంటే బూజు మొదలవుతుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా ఆ మీటరు మీద కన్ను ఉండాలి. ఏసీ పగలు వేసి రాత్రి ఆపడం అసలు వేయకపోవడం కన్నా చెడ్డది, ఎక్కీ దిగే తేమే కాగితాన్ని విరగ్గొడుతుంది. ప్రదర్శన పెడితే జెర్సీల మీద వెలుగు 50 లక్స్ దాటకూడదు, మూడు నెలలకు మించి ఒకే జెర్సీ బయట ఉండకూడదు.

ట్రస్టు మూతపడితే సేకరణ ఏ ప్రభుత్వ గ్రంథాలయానికో, ఆర్కైవ్స్‌కో, ఇలాంటి ఉద్దేశమే ఉన్న ఇంకో ట్రస్టుకో చేరాలని పత్రంలో రాయించండి. ముందుగానే వాళ్లతో మాట్లాడి ఒప్పుకోలు ఉత్తరం తీసుకోండి, అడగకుండా పేరు రాస్తే వాళ్లు తీసుకోకపోవచ్చు. స్కాన్‌ల పూర్తి ప్రతి ఒకటి అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి ఇవ్వడానికి ఇప్పటినుంచే దరఖాస్తు పెట్టొచ్చు. వందేళ్లు దాటిన వస్తువులు, చారిత్రక విలువ ఉండి డెబ్బైఐదేళ్లు దాటిన రాతప్రతులు, పత్రాలు ఏమైనా వస్తే 1972 పురావస్తువుల చట్టం వర్తిస్తుంది, వాటిని దేశం దాటించకూడదు. సిటీ పోలీస్ జెర్సీలకు, పతకాలకు ఇంకా వందేళ్లు రాలేదు గానీ, పాత కంటోన్మెంట్ జట్ల ఫోటోలు, కప్పులు పెట్టెల్లో కలిసి రావచ్చు. వాటిని మొదటి రోజే విడిగా నమోదు చేయండి.